గంగమ్మ వేషాలు కలంకారీ గుడ్డ మీద: తిరుపతిలోని ఒక పనిశాలపై సమీక్ష

తిరుపతి బజారులో కలంకారీ అన్న పేరుతో వేలాడే చీరలలోనూ దుపట్టాలలోనూ యంత్రం మీద అచ్చు వేసినవే ఎక్కువగా కంటపడతాయి. అలాంటి ఊరిలో అచ్చు గుడ్డను గడప దాటనివ్వకుండా, చేతితో గీసినదే ఇస్తానని, పెద్ద బొమ్మలైతే ముందుగా చెప్పి చేయించుకునేవారికే గీస్తానని పట్టుబట్టి కూర్చున్న ఒక కళాకారిణి పనిశాల గురించి ఈ సమీక్ష. మా ముందుగది గోడ కోసం అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల, తిరుపతి గ్రామదేవత గంగమ్మ జాతర వేషాల బొమ్మ ఒకటి ఆమె చేత గీయించుకున్నాను. ఇల్లూ పనిశాలా ఒకే మేడ మీద ఉన్నందువల్ల తన పేరు, వీధి బహిరంగంగా రాయవద్దని ఆమె కోరారు కనుక ముత్యాలరెడ్డిపల్లె వైపు అన్నంత వరకే చెబుతాను. శిల్పారామంలో హస్తకళల ప్రదర్శన పెట్టినప్పుడు వెళ్లి, గంగమ్మ బొమ్మలు గీసే ఆమె అని అడిగితే చూపిస్తారు.

పనితనం విషయంలో నాకు ఫిర్యాదు దాదాపు లేదు. నేను ప్రధానంగా తూచదలచినది మరొకటి ఉంది. సొంత కాళ్ల మీద నిలబడిన కళాకారులు తెగించి కొత్త దారి పట్టినప్పుడు, ఆ తెగింపుకు అయ్యే ఖర్చులో ఎంత తాము భరిస్తున్నారు, ఎంత కొనేవారి నెత్తిన పెడుతున్నారు అన్నది డబ్బు చెల్లించే ముందు మనకు తెలియాలి. ఈ పనిశాలలో ఆ పంపకం చాలా వరకు న్యాయంగా ఉంది. ఒక్క చోట మాత్రం లేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఆమె శ్రీకాళహస్తిలో పని నేర్చుకున్నారు. 1950లలో, హస్తకళలను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వెలసిన తరువాతనే, ఆగిపోయే దశకు చేరిన ఆ పని మళ్లీ ఊపిరి పోసుకుంది. 2005-06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా లభించింది. అయితే గుర్తింపు దక్కినంత మాత్రాన గీసేవారి బతుకులు మారిపోలేదు. వ్యాపారి ఇచ్చిన గుడ్డ మీద, వ్యాపారి చెప్పిన బొమ్మను, ముక్కకు ఇంత అన్న కూలికి గీసే చేతులు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఈమె కూడా ఏళ్ల తరబడి అలాగే గీశారు. ఆ కూలి తక్కువే అయినా అందులో ఒక నిశ్చింత ఉంది: గుడ్డ వ్యాపారిది, రంగు ఖర్చు వ్యాపారిది, సరుకు అమ్ముడుపోకపోతే నష్టం కూడా వ్యాపారిదే. కూలి వదులుకోవడమంటే ఈ మూడు బరువులనూ ఒక్కసారిగా తన తల మీదికి ఎత్తుకోవడమే. ఆమె ఎత్తుకున్నారు, అంతటితో ఆగక ఊరు కూడా మారారు. శ్రీకాళహస్తిలో పక్కింట్లోనూ ఎదురింట్లోనూ అదే పని జరుగుతుంది కనుక ధర పెరగదని, తిరుపతిలో అయితే కొనేవారితో నేరుగా మాట్లాడవచ్చని ఆమె లెక్క వేసుకున్నారు.

ఆ లెక్కలో సగమే నిజమైందని నా అభిప్రాయం. కొండ దిగిన యాత్రికుడు రైలు వేళలోగా, సంచిలో పట్టే చిన్న వస్తువేదో కొనుక్కుని పోదామనుకుంటాడు. నెలలు ఆగి గుడ్డ గీయించుకునే తీరిక అతనికి ఉండదు. దేశమంతా నడిచి వచ్చే ఊరిలో ఉండి కూడా ఆమెకు దొరికే గిరాకీ ఊరివాళ్లదే: కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు, డాక్టర్లు, విశ్వవిద్యాలయాలలో పనిచేసేవారు, చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఫోనులో అడిగేవారు.

ఈ పద్ధతిలో కొత్త బొమ్మ గీయడం ఎందుకంత సాహసమో తెలియాలంటే పని నడిచే తీరు కొంత తెలియాలి. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఎండబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు గీతను పక్కకు పాకనివ్వదు. దాని మీద చింతబరిక కాల్చిన బొగ్గుతో ఆనవాలు వేసుకుని, వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారం బిగించిన కలంతో నల్ల గీత గీస్తారు. ఆ నలుపు దుకాణంలో కొన్న సిరా కాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో వారాల తరబడి ఊరవేసి తీసే ఆ ద్రవాన్ని పనివాళ్లు కసిం అంటారు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిన తరువాతనే అది చిక్కటి నలుపుగా మారుతుంది, మారాక చెరిపే ఉపాయం లేదు. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్లు పూసి, ఆరనిచ్చి, పారే నీటిలో జాడించి, ఆ తరువాత మంజిష్ఠ, చిరివేరు వంటి వేళ్లు వేసిన నీటిలో గుడ్డ మొత్తాన్ని ఉడికిస్తారు. పటిక తగిలిన చోట ఎరుపు నిలుస్తుంది. తగలని చోట నిలవదు. పటికకు సొంత రంగు లేదు కాబట్టి పొరపాటున ఎక్కడ ఒక చుక్క చిందినా ఆ సంగతి ఉడికించిన తరువాత గాని బయటపడదు. అప్పటికే కొన్ని వారాల పని ఆ గుడ్డ మీద చేరి ఉంటుంది. ఆపైన మళ్లీ పాలు, పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు, ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు. ప్రతి రంగుకూ మధ్య ఒక ఉతుకు, ఒక ఎండ.

రామాయణ భారత ఘట్టాలకు, దశావతారాలకు, కన్నప్ప కథకు, కల్పవృక్షానికి ఈ లెక్కలన్నీ తరాలుగా కుదిరి ఉన్నాయి. దేవుళ్లకు నీలం, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపు అన్న వాడుక ఉంది. ఎక్కడ ఏ రంగు ముందు వేయాలో చేతికి తెలుసు. కొత్త కథ ఎత్తుకున్నప్పుడు ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి, అది తప్పితే తెలిసేది చివరి ఉతుకులోనే. అందుకే అచ్చు సరుకు వదిలేయడం కంటే, ఊరు మారడం కంటే, తాతయ్యగుంట గంగమ్మ జాతరను గుడ్డ మీదికి తేవడమే ఆమె చేసిన అన్నిటికంటే పెద్ద సాహసమని నేననుకుంటున్నాను.

ఎంపిక మాత్రం గొప్పది. ఆడవాళ్లను చెరపట్టిన పాలెగాడిని చంపడానికి గంగమ్మ రోజుకొక వేషం వేసి వెతికిందని, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు దాగినచోటు నుంచి బయటికి వచ్చి ప్రాణం పోగొట్టుకున్నాడని, ఆ తరువాత మాతంగి వేషంలో పాలెగాడి భార్యను ఓదార్చిందని ఈ ఊరిలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. జాతరలో ఆ వేషాలు కట్టే భక్తులు ఒంటికి ఏమి పూసుకుంటారో గుర్తు చేసుకోండి. బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. తెలుపు, ఎరుపు, నలుపు, లేత పసుపు: శ్రీకాళహస్తి కలంకారీకి మొదటి నుంచి ఉన్న రంగులు ఇంచుమించు ఇవే. జాతరనూ కలంకారీనీ పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనలో ఎవరికీ తట్టని ఈ పొత్తు ఆమెకు తట్టింది. గిరాకీ కోసం ఏదో ఒక కొత్తదనం అతికించడానికీ, పని లోపలి నుంచే కొత్తదనాన్ని పైకి తీయడానికీ ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

రంగులు కలిసి వచ్చినా పని సులభం కాలేదు. ఈ పద్ధతిలో తెలుపు కోసం పూసే రంగంటూ లేదు. కరక్కాయ పట్టిన గుడ్డ మీగడ రంగులో ఉంటుంది, దానిని పేడనీటిలో నానబెట్టి ఎండలో ఆరవేస్తూ తడుపుతూ వెలిసిపోయేలా చేస్తేనే తెలుపు తేలుతుంది. కనుక బైరాగి ఒంటిని ఏ రంగూ పూయకుండా కాపాడుకుంటూ వచ్చి, ఎండ చేత తెల్లబరచవలసి వచ్చింది. తోటి వేషం మరో చిక్కు. కసింలో ఇనుము ఉంటుంది. అది ఒకే చోట దట్టంగా నిండితే కాలం గడిచేకొద్దీ ఆ భాగంలో నూలు పెళుసెక్కి చిరుగుతుంది. ఒళ్లంతా నల్లగా నింపే బదులు ఆమె దగ్గరదగ్గరగా సన్నటి గీతలు గీశారు. దూరం నుంచి నలుపుగా కనిపించి, దగ్గరికి వెళితే బొగ్గు పొడి రాలుతున్నట్టు తోస్తుంది. బొమ్మ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే. వరుస వరుసకూ కింద రాసిన తెలుగు మాటలు కూడా పాత గుడి గుడ్డల పద్ధతిలోనే ఉన్నాయి, అక్షరాలు గుండ్రంగా, చదవడానికి వీలుగా ఉన్నాయి.

లోపం చెప్పవలసి వస్తే దొర వేషం దగ్గరే చెప్పాలి. గంధం రంగు ఒంటికీ వెనుక ఉన్న పసుపుకూ తగినంత తేడా లేకపోవడం వల్ల, కథకు ఆయువుపట్టైన ఘట్టమే గోడ మీద కొంచెం వెనక్కి పోయింది. కరక్కాయ పువ్వు పసుపు మిగిలిన రంగుల కంటే త్వరగా వెలుస్తుందని ఆమే చెప్పారు కనుక, ఏళ్లు గడిస్తే వెనుక పసుపు తగ్గి దొర మళ్లీ తేలతాడేమో చూడాలి. అంచులో లతలు కూడా అవసరానికి మించి ఉన్నాయి. కొత్త కథ అన్న బెదురుతో పాత అలంకారాన్ని తోడు తెచ్చుకున్నట్టు అనిపించింది. తరువాతి బొమ్మలో అంచు సన్నబడితే బాగుంటుందని ఆమెతో కూడా అన్నాను.

ఇప్పుడు ఒప్పందం సంగతి. నా బొమ్మకు 18,000 రూపాయలు అడిగారు, బేరం లేదు. సగం ముందు ఇవ్వాలి. బొగ్గు గీతలు పూర్తయ్యాక మనల్ని పిలిచి చూపిస్తారు. మార్చమని అడగడానికి అదే సమయం, ఎన్ని మార్పులు అడిగినా విసుక్కోరు. కసిం పడిన తరువాత మార్పు అడిగితే ఇచ్చిన సగం తిరిగి రాదు. ఈ షరతును ఆమె ఒక్క మాటలో చెప్పారు: "రంగు చెడితే గుడ్డ నాది సార్. బొగ్గు గీత చూసి సరే అన్నాక బొమ్మ మార్చమంటే మాత్రం గుడ్డ మీది." సొంతంగా పనిచేసుకునే కళాకారులు ఎవరైనా తమ గోడ మీద రాసి పెట్టుకోదగిన ఒప్పందం ఇది. చేతి తప్పు, ప్రకృతి తప్పు ఆమెవి. మనసు మారడం మనది. చాలా చోట్ల ఇది తలకిందులుగా ఉంటుంది. ముందు డబ్బు పుచ్చుకున్న మరుక్షణం నుంచి జరిగే ప్రతి తప్పూ గిరాకీ అదృష్టానికి వదిలేస్తారు.

ఆ మాట మాటగానే మిగిలిపోలేదు. నా కోసం మొదలుపెట్టిన తొలి గుడ్డ ఉడికించి తీసేసరికి బైరాగి భుజం మీద ఎర్రటి మచ్చ తేలింది. పటిక చుక్క ఎక్కడో చిందినట్టుంది. నాకు ఫోను చేసి, వచ్చి చూడమని, ఆలస్యమవుతుందని చెప్పి, అదనంగా ఒక్క రూపాయి అడగకుండా రెండో గుడ్డ మొదలుపెట్టారు. మచ్చ మీద ఏ ఆకో పువ్వో గీసి దాచి ఉంటే నేను కనుక్కోగలిగేవాణ్ణి కాదు.

ఇంత తెగువకు వెనుక దన్ను ఏమిటని అడిగితే దాపరికం లేకుండా చెప్పారు. నగలు కుదువ పెట్టలేదు, ఇల్లు తాకట్టు పెట్టలేదు. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు రుసుము లేకుండా చేయించుకుని, ముద్రా పథకంలో 50 వేల నుంచి 5 లక్షల రూపాయల వరకు ఇచ్చే కిశోర్ తరగతి కింద హామీ లేని అప్పు తీసుకుని, ఉడికించే రాగి అండాలు, గుడ్డ నిల్వ, జాడించే తొట్టి సమకూర్చుకున్నారు. ఆ తొట్టి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. శ్రీకాళహస్తి పనికి పారే నీరు కావాలి; అక్కడి స్వర్ణముఖి నది ఏడాది పొడవునా పారదు, తిరుపతి మేడల మీద అసలే పారదు. అందుకని మేడ పొడవునా సన్నటి సిమెంటు కాలువ కట్టించి, ఒక కొసన నీరు వదిలి మరో కొసన పట్టి మోటారుతో తిప్పుతున్నారు. వేసవిలో ట్యాంకరు నీటి ఖర్చు ఆమెకు అద్దెతో సమానంగా బాధ పెడుతుందట.

అంతేకాక నెలలో సగం రోజులు ఆమె పాత నమూనాలతోనే దుపట్టాలు గీస్తారు. ఈసారి సొంత గుడ్డ మీద, సొంత ధరకు గీసి, పొరుగూరి దుకాణాలకు పంపుతారు. ఇంటి ఖర్చు, అప్పు వాయిదా ఆ దుపట్టాల మీద వెళ్లిపోతాయి కాబట్టి గంగమ్మ బొమ్మ అమ్ముడుపోని నెలలో కూడా ధర తగ్గించవలసిన అవసరం రాదు. ఉద్యోగం మానేసి రాత్రికి రాత్రి కళాకారులైపోవాలని ఉబలాటపడే యువకులు నాకు చాలామంది తెలుసు. వాళ్లకు ఆమె గీసిన బొమ్మల కంటే ముందు ఈ దుపట్టాల పద్దు చూపించాలనిపిస్తుంది.

ఇక న్యాయంగా లేదన్న ఒక్క చోటు. రసీదు మీద గడువు రాసి, దాని పక్కనే, వానలు పడితే ఎండ కాసిన తరువాత అని రాస్తారు. పాలలో ముంచిన గుడ్డ ఎండకపోతే బూజు పడుతుంది, తెలుపు తేలదు. ఆ ఇబ్బంది నిజమే. కాని తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన సాధారణ సంగతి. 2021 నవంబరులో ఊరిని ముంచెత్తిన వరద వంటిది వస్తే ఎవరూ తప్పు పట్టరు. ఏటా వచ్చే వానను మాత్రం ఆకస్మికం అనడం కుదరదు. ఫలానా తేదీ దాటితే ముందు ఇచ్చిన సొమ్ము అడిగి తీసుకోవచ్చు అన్న చివరి హద్దు ఒకటి రసీదు మీద ఉండాలి. రంగు చెడే నష్టాన్ని అంత నిజాయితీగా భరించే మనిషి, వాన నష్టాన్ని మాత్రం హద్దు లేకుండా మన మీద వదిలేయడం ఆమె పద్ధతికే నప్పదు. ఈ మాట చెప్పినప్పుడు నవ్వి, ఆలోచిస్తానన్నారు. ఈ మధ్య ఆర్డరు ఇచ్చిన మా బంధువు రసీదులో అయితే ఆ వాక్యం అలాగే ఉంది.

ఆదివారాలు నడిపే నేర్పించే తరగతి గురించి క్లుప్తంగా చాలు. మనిషికి 1,500 రూపాయలు తీసుకుని, సిద్ధం చేసిన గుడ్డ చేతికిచ్చి, కలం పట్టుకోవడం, ఒక నెమలిని గీయడం నేర్పుతారు. పిల్లలకు కాలక్షేపం అవుతుంది కాని పాలు, పటిక, ఉడుకు ఏవీ చూడకుండా ఇంటికి వెళ్లిపోతారు. పద్ధతిగా నేర్చుకోదలచినవారికి ఇదే ఊరిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో కలంకారీ కోర్సు ఉంది. ఆ ఆదివారం పూట ఆమె బొమ్మ గీసుకుంటేనే మనకు లాభం.

మరో సూచన కూడా ఉంది. మచ్చపడి పక్కన పెట్టిన గుడ్డలు ఆమె బీరువాలో పేరుకుపోతున్నాయి. చెడిన పని బయటికి పోకూడదని పట్టుదల. అందులో చెడని భాగాన్ని కత్తిరించి చేతిసంచులుగా, పుస్తకాల అట్టలుగా కుట్టించి, లోపం ఉన్న గుడ్డ నుంచి తీసినవి అని రాసి మరీ అమ్మితే, మూడు వేల లోపు వస్తువు ఏదీ దొరకని ఈ పనిశాలకు ఆ కొండ దిగిన యాత్రికుడు కూడా రాగలడు. ధర తగ్గించడం, స్థాయి తగ్గించడం ఒకటి కావు.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. జాతర మే నెలలో జరుగుతుంది కాబట్టి అప్పటికి బొమ్మ గోడ మీద ఉండాలంటే సంక్రాంతి వెళ్లిన వెంటనే ఆర్డరు ఇవ్వండి. వేసవి ఎండ పడిన గుడ్డలో తెలుపు, ఎరుపు రెండూ వానాకాలపు పని కంటే తేటగా వస్తాయి. బొగ్గు గీత చూడడానికి పిలిచినప్పుడు ఫోనులో ఫొటో చూసి సరే అనకుండా స్వయంగా వెళ్లండి. రంగుల సర్దుబాటు, ముఖ్యంగా వెనుక పసుపు ఎంత ముదురుగా ఉండాలన్నది, అప్పుడే మాట్లాడుకోవాలి. గుడ్డను మడతపెట్టకుండా గొట్టానికి చుట్టి ఇమ్మని అడగండి. కొత్తలో పాల వాసన, కరక్కాయ వాసన కొంతకాలం ఉంటాయి. నేరుగా ఎండ పడే గోడ వద్దు, సబ్బు పొడి అసలే వద్దు. ఉతకవలసి వస్తే చన్నీళ్లలో కుంకుడు రసం వేసి జాడించి నీడలో ఆరవేయండి. వాన మాట రసీదు మీద కనిపిస్తే, చివరి తేదీ ఒకటి రాయించుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి. గట్టిగా అడిగితే రాస్తారనే నా నమ్మకం.